మొదటి ఐదు నిమిషాలు



మేము గృహదర్శనాలకు వెళ్లినప్పుడు తల్లులు మమ్మును తరచుగా కోరే ప్రార్థన ఒకటి ఉన్నది. "అయ్యగారూ, మావాడు చెప్పిన మాట వినడం లేదు. వాడి తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన చేయండి" అంటారు. తలుపు చాటున నిలబడిన పిల్లవాడిని రెక్క పట్టుకుని తీసుకువస్తారు. వాడు నేలచూపులు చూస్తూ నిలబడతాడు. మేము ప్రార్థన చేస్తాము. వాడు ఆటకు పారిపోయిన తరువాత ఆ తల్లిని మెల్లగా ఒక మాట అడుగుతాము: "అమ్మా, నీకు వాడి మీద కోపము ఏ వేళప్పుడు ఎక్కువగా వస్తుంది?"

మొదట ఆ ప్రశ్న వారికి వింతగా తోస్తుంది. "వేళేమిటి అయ్యగారూ, రోజంతా వస్తుంది" అంటారు. కొంచెము ఆలోచించాక జవాబు మారుతుంది. ప్రొద్దున్నే స్కూలు బస్సు హారను వినిపించే వేళ. సాయంత్రము పొయ్యి మీద కూర ఉండగా హోంవర్కు ముందు వేసుకున్న వేళ. ఫీజు బాకీ ఉన్నదని స్కూలు నుండి ఫోను వచ్చిన రోజు. అత్తగారితో మాట పట్టింపు వచ్చిన రోజు. భర్త త్రాగి వచ్చిన రాత్రికి మరునాటి ఉదయము. తండ్రులను అడిగితే వారికీ వేళలున్నవి. పనిలో మేస్త్రీ చేతనో ఆఫీసరు చేతనో మాట పడి ఇంటికి వచ్చిన సాయంత్రము, అప్పులవాడు గుమ్మములో నిలబడి వెళ్లిన రోజు.

పిల్లల అల్లరికి వేళాపాళా లేదు. మన కోపానికి మాత్రము ఒక టైంటేబులు ఉన్నది. ఈ సంగతిని గురించే ఈ నెల మీతో మాట్లాడాలని కోరుతున్నాము. వ్రాస్తున్న చెయ్యి పాస్టరుదే అయినా, ఇద్దరు పిల్లలను పెంచుతూ దీనిని ఆలోచించినది భార్యాభర్తలము ఇద్దరమును గనుక 'మేము' అనియే వ్రాస్తున్నాము.

కొలత దేనిది?

ఒక గ్లాసెడు పాలు ఒలికిన సంగతి తీసుకుందాము. ఆదివారము ఆరాధన ముగిసి, కోడికూరతో భోజనమై, చుట్టాలతో నవ్వుతూ కూర్చున్నప్పుడు నాలుగేళ్ల పాప పాలు ఒలకబోసింది. "పోనీలే తల్లీ, గుడ్డ తీసుకురా" అంటాము. సోమవారము ఉదయము ఏడున్నరకు అదే పాప, అదే గ్లాసు, అదే గచ్చు. ఈసారి వీపు మీద చెయ్యి పడుతుంది. పాప చేసిన తప్పు రెండు రోజులును ఒక్కటే. మరి శిక్ష ఎందుకు మారినది? ఆ దెబ్బ మన అలసటను కొలిచినది గాని పాప తప్పును కొలవలేదు.

దానివలన పాప ఏమి నేర్చుకుంటుంది? గ్లాసు జాగ్రత్తగా పట్టుకోవాలని నేర్చుకోదు. అమ్మ ముఖము చూసి మసలుకోవాలని నేర్చుకుంటుంది. అలాగు నేర్చుకున్న పిల్లలను మేము చాలామందిని చూశాము. నాన్న బండికి స్టాండు వేసే చప్పుడును బట్టి ఆ రాత్రి ఇల్లు ఎలా ఉండబోతున్నదో వారు చెప్పగలరు. చదువులో వెనుకబడిన పిల్లలు కూడ ఈ పాఠములో మాత్రము ఫస్టు మార్కే.

మన పెద్దలు "అత్త మీద కోపము దుత్త మీద" అన్నారు. దుత్త అంటే చిన్న కుండ. కుండ పగిలితే చప్పుడవుతుంది, వీధిలోని వారికి కూడ వినబడుతుంది. బిడ్డ మనస్సు విరిగితే ప్రక్క గదిలోని వారికైనా వినబడదు.

సౌలు విసరిన ఈటె

మొదటి సమూయేలు 20వ అధ్యాయములో ఒక భోజనపు బల్ల ఉన్నది. అమావాస్య పండుగ రెండవ దినము. దావీదు కూర్చుండే చోటు ఖాళీగా ఉన్నది. అతడు ఎందుకు రాలేదని సౌలు తన కుమారుడైన యోనాతానును అడిగాడు. యోనాతాను స్నేహితుని పక్షముగా జవాబు చెప్పాడు. అంతే, తండ్రి కోపము మండినది. కన్నకొడుకు మీదికే ఈటె విసరాడు.

ఈ సంగతిని తలిదండ్రులు నిదానించి చదవాలి. సౌలుకు కోపము దావీదు మీద. దావీదు అందుబాటులో లేడు. అందుబాటులో ఉన్నది కొడుకు. ఆ చెయ్యి అంతకుముందే రెండుసార్లు దావీదు మీదికి ఈటెను ఎత్తినది. అలవాటు పడిన చెయ్యికి ఎదుట ఉన్నది శత్రువో బిడ్డయో తెలియదు. ఇంకొకటి. ఈటె కంటె ముందు మాట విసరాడు. కొడుకును తిట్టడానికి వాని తల్లిని లాగాడు. ఈనాటి మన ఇండ్లలో "అంతా నీ అమ్మ పోలిక", "మీ నాన్న వంశములో అందరూ ఇంతే" అనే మాటలు ఆ బల్ల దగ్గర నుండి ఎంత దూరములో ఉన్నవి?

అన్నిటికంటె మమ్మును ఆలోచింపజేసినది వేరొకటి. సౌలు ఆ మాటలన్నియు కొడుకు భవిష్యత్తు పేరు చెప్పియే అన్నాడు. దావీదు బ్రతికి ఉంటే నీకు రాజ్యము దక్కదని అతని వాదము. "నీ మంచి కొరకే కదరా కొట్టేది" అనే మాట ఈనాటిది కాదన్నమాట. ఆ దినము యోనాతాను అన్నము ముట్టకుండ బల్ల దగ్గర నుండి లేచిపోయాడు. తన తండ్రి దావీదును అవమానపరచెనని దుఃఖించాడు. కొడుకు మేలు కోరి విసరిన ఈటె కొడుకును ఇంటికి దగ్గర చేయలేదు.

శరీరములో జరిగేది

కోపము వచ్చినప్పుడు మన శరీరములో అడ్రినలిన్ అనే రసము ఊరుతుంది. గుండె వేగము పెరుగుతుంది, ఊపిరి పొట్టిదవుతుంది, పిడికిళ్లు బిగుస్తాయి. ఎదుట పాము కనబడినప్పుడు మనలను కాపాడటానికి దేవుడు ఉంచిన ఏర్పాటు అది. అయితే ఆ స్థితిలో ఎదుటివాని మాట సరిగా వినలేము, న్యాయముగా తీర్పు తీర్చలేము. మరల మాటలతో ఎగదోయకుండ ఉంటే కొద్ది నిమిషాలలోనే ఆ ఉధృతి తగ్గుముఖము పడుతుంది. ఎగదోస్తే గంటలు పడుతుంది.

బిడ్డల సంగతి కూడ తెలుసుకోవాలి. ముందు వెనుక ఆలోచించి తన్ను తాను అదుపులో పెట్టుకునే శక్తి మెదడులో నుదుటి వెనుకనున్న భాగానిది. ఆ భాగము పూర్తిగా ఎదగడానికి ఇంచుమించు 25 ఏండ్ల వయస్సు వస్తుందని వైద్యులు చెబుతున్నారు. రెండేళ్ల బిడ్డ బజారులో నేలమీద పడి పొర్లితే అది మనలను నలుగురిలో అవమానపరచాలని కాదు. వానిలో పుట్టిన కోపాన్ని మోయడానికి తగిన బలము వానికి ఇంకా రాలేదు. పదునాలుగేళ్ల పిల్ల తలుపు ధడేలున వేసినప్పుడు కూడ సంగతి చాలావరకు అదే. "ఎన్నిసార్లు చెప్పాలి?" అని మనము విసుగుకొంటాము. చెప్పవలసినన్నిసార్లు చెప్పడమే పెంపకము. మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చినందుకు మన పెంపకము చెడిపోలేదు.

చర్చి మెట్ల మీద పిల్లవాడు

మేము ఇంతకుముందు పరిచర్య చేసిన డెల్టా గ్రామములో ఒక సాయంత్రము తొమ్మిదవ తరగతి పిల్లవాడు పుస్తకాల సంచి భుజాన ఉండగానే చర్చి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. చీకటి పడుతున్నా లేవలేదు. అమ్మగారు వెళ్లి పిలిస్తే, "ఈ రాత్రి ఇక్కడ పడుకోవచ్చాండీ?" అని అడిగాడు. మెల్లగా అడిగితే సంగతి బయటపడినది. లెక్కలలో తప్పాడు. ప్రోగ్రెస్ కార్డు మీద తండ్రి సంతకము తానే చేశాడు. టీచరుగారు పట్టుకుని, రేపు తండ్రిని తీసుకురమ్మన్నారు.

తండ్రి రైసుమిల్లులో బస్తాలు మోసే కూలి. మాకు బాగుగా తెలిసినవాడు. మంచి విశ్వాసి, కష్టజీవి. మేము ఆ పిల్లవానితో, "మీ నాన్న నిన్ను ఎంత ప్రేమిస్తాడో నీకు తెలియదా?" అన్నాము. వాడు చెప్పిన జవాబు మేము ఈనాటికీ మరచిపోలేదు.

"తెలుసండి అయ్యగారూ. మొదటి ఐదు నిమిషాలు దాటితే మా నాన్న మంచివాడేనండి. ఆ ఐదు నిమిషాలే నాకు భయము."

ప్రియులారా, ఆ బిడ్డ శిక్షకు భయపడలేదు. తప్పు చేశానని ఒప్పుకున్నాడు కూడ. వాడు దాటలేకపోయినది ఆ ఐదు నిమిషాలనే. వాటి కొరకే సంతకము దొంగిలించాడు, వాటి కొరకే ఇల్లు వదలి చర్చి మెట్ల మీదికి వచ్చాడు. మా మెట్ల మీదికి వచ్చాడు గనుక సరిపోయినది. రైల్వేస్టేషనుకు వెళ్లే పిల్లలున్నారు. ఇంటర్ ఫలితాలు వచ్చిన మరునాడు మన రెండు రాష్ట్రాలలో పత్రికలు ఎటువంటి వార్తలు మోసుకొస్తున్నవో మీకు తెలుసు. ఆ ఇండ్ల మీద మేము తీర్పు తీర్చము. ఒక్కొక్క బిడ్డ వెనుక ఒక్కొక్క కారణము ఉంటుంది. అయితే చెడువార్తను బిడ్డ మొదట మన దగ్గరకే తీసుకురాగలడా అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోను వేసుకోదగినది.

ఆ రాత్రి మేమిద్దరము పిల్లవానితో కూడ వారి ఇంటికి వెళ్లాము. వాడిని బయట అమ్మగారి దగ్గర ఉంచి, తండ్రితో ముందుగా ఒక మాట తీసుకున్నాము: "నీకు ఒక సంగతి చెబుతాము. విన్న తరువాత ఐదు నిమిషాలు నోరు విప్పవద్దు, చెయ్యి ఎత్తవద్దు. ఆ తరువాత నీ ఇష్టము." మాట ఇచ్చాడు. చెప్పాము. ముఖము ఎర్రబడినది. లేచి నిలబడ్డాడు. మా వైపు చూశాడు. మాట ఇచ్చాడు గదా, బోరింగు దగ్గరకు వెళ్లి, అవసరము లేకపోయినా రెండు బిందెలు నీళ్లు కొట్టాడు. ముఖము కడుగుకుని వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. చాలాసేపటికి కొడుకును పిలిచి, "ఏ లెక్కలు రావడం లేదురా?" అని అడిగాడు. ఆ పిల్లవాడు అప్పుడు ఏడ్చాడు.

మరునాడు తండ్రి ఒక పూట కూలి మానుకుని స్కూలుకు వెళ్లాడు. దొంగ సంతకానికి శిక్ష కూడ ఉన్నది. నెల రోజులు ఆటకు సెలవు, టీచరుగారికి క్షమాపణ చెప్పుకోవడము. పిల్లవాడు మారుమాట లేకుండ చేశాడు. ఆ ఏడు లెక్కలలో బొటాబొటిగా గట్టెక్కాడు. మరల మాత్రము సంతకము దొంగిలించలేదని తండ్రియే మాకు చెప్పాడు.

బెత్తమును గురించి

ఈ మాటలు సంఘములో చెప్పినప్పుడు పెద్దలు లేచి, "అయ్యగారూ, బెత్తము వాడమని సామెతలలో ఉన్నది గదా" అంటారు. న్యాయమైన ప్రశ్నే. సామెతలు 13:24లో బెత్తము అన్నచోట హెబ్రీ భాషలో 'షేబెట్' అనే మాట ఉన్నది. 23వ కీర్తనలో గొర్రెకు ఆదరణ కలిగించే కాపరి కర్ర కూడ అదే షేబెట్. కాపరి ఆ కర్రతో మృగాలను తోలుతాడు, దారి తప్పిన గొర్రెను మళ్లిస్తాడు. ఆ కర్రను చూచి గొర్రె ధైర్యము తెచ్చుకుంటుందని కీర్తనకారుని అనుభవము. మన చేతి కర్రను చూచి మన బిడ్డలకు ధైర్యము కలుగుతున్నదా, వణుకు కలుగుతున్నదా? ఎఫెసీయులకు, కొలొస్సయులకు వ్రాసిన పత్రికలలో పౌలు భక్తుడు తండ్రులను ప్రత్యేకముగా హెచ్చరించినదేమంటే, బిడ్డలకు కోపము రేపి వారి మనస్సు క్రుంగిపోయేలా చేయవద్దనియే. క్రమశిక్షణ ఉండాలన్నాడు, విసుగు వద్దన్నాడు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అని కూడ అంటారు. నిజమే. అయితే మొక్కను వంచేవాడు ఎలా వంచుతాడో తోటమాలిని అడగండి. ప్రక్కన కర్ర పాతి, మెత్తని త్రాడుతో వదులుగా కట్టి, రోజూ నీళ్లు పోస్తాడు. ఒక్క గుంజు గుంజితే మొక్క వంగదు, విరుగుతుంది.

2009 నాటి విద్యాహక్కు చట్టము 17వ సెక్షను బడిలో బిడ్డను కొట్టడాన్ని, మానసికముగా వేధించడాన్ని నిషేధించినది. 2010 ఏప్రిల్ 1 నుండి అది అమలులో ఉన్నది. స్వీడన్ దేశము 1979లోనే ఇంటిలో తలిదండ్రులు కొట్టడాన్ని కూడ నిషేధించినది. అలాగు చేసిన మొదటి దేశము అదే. అయినా 2024 జూన్‌లో యునిసెఫ్ ప్రకటించిన లెక్క చూస్తే మనస్సు బరువెక్కుతుంది. ప్రపంచములో ఐదేళ్లలోపు బిడ్డలలో ప్రతి పదిమందికి ఆరుగురు, అనగా సుమారు 40 కోట్లమంది, ఇంటిలోనే తరచుగా దెబ్బలనో గాయపరచే మాటలనో భరిస్తున్నారు. టీచరుగారి చేతిలోనుండి తీసివేసిన బెత్తాన్ని మనము ఇంటిలో దాచుకోవడము న్యాయమా?

ఎప్‌వర్తులోని ఒక తల్లి

జాన్ వెస్లీ తల్లి సుసన్నా వెస్లీ ఇంగ్లండులోని ఎప్‌వర్తు గ్రామములో పాస్టరుగారి భార్య. 19 మంది బిడ్డలను కన్నది. వారిలో పదిమందియే బ్రతికి పెద్దవారైరి. అప్పులుండేవి. 1709లో ఇల్లు కాలిపోయినది. విసుగుకొనుటకు కారణములు కావాలంటే ఆమెకు లోటు లేదు. ఆమె చాలా కఠినమైన తల్లి. ఆ కాలపు పద్ధతిలో బెత్తము కూడ వాడినది. ఆమె చేసినదంతయు మనము చేయనక్కరలేదు. అయితే 1732లో కుమారుడైన జాన్‌కు వ్రాసిన ఉత్తరములో ఆమె తన ఇంటి కట్టడలు కొన్ని చెప్పినది. తప్పు చేసిన బిడ్డ నిజము ఒప్పుకుని దిద్దుకుంటానని చెబితే వానిని కొట్టకూడదు. ఒకే తప్పుకు రెండుసార్లు శిక్షించకూడదు. ఒకసారి ముగిసిన తప్పును మరల ఎత్తకూడదు.

మొదటి కట్టడ ఎందుకు పెట్టినదో చూడండి. శిక్షకు భయపడి పిల్లలు అబద్ధాలకు అలవాటు పడతారని ఆమె గ్రహించినది. మన తొమ్మిదవ తరగతి పిల్లవాని సంగతి మూడు వందల ఏండ్ల క్రిందటి ఆ తల్లికి తెలుసు. ఆమె ఇంకొక పని కూడ చేసినది. వారములో ఒక్కొక్క సాయంత్రము ఒక్కొక్క బిడ్డతో ఏకాంతముగా మాట్లాడేది. గురువారము జాన్‌ది, శనివారము చార్లెసుది. అంతమంది బిడ్డలున్న ఇంటిలోనే సమయము దొరికినప్పుడు, ఇద్దరు ముగ్గురు బిడ్డలున్న మనకు సెల్‌ఫోను ప్రక్కన పెడితే దొరకదా?

ఇంటిలో చేయగలిగినవి

మా ఇంటిలోను, సంఘ కుటుంబాలలోను ప్రయోజనము చూచిన కొన్ని సంగతులు చెబుతాము.

కోపము మండుతున్నప్పుడు బిడ్డను ముట్టవద్దు. "నాకు ఇప్పుడు కోపముగా ఉన్నది, కొంచెమాగి మాట్లాడదాము" అని చెప్పి అవతలకు వెళ్లండి. ఊరకనే కూర్చోవద్దు, చేతులకు పని ఇవ్వండి. నీళ్లు తేవచ్చు, అంట్లు తోమవచ్చు, వీధి చివరి వరకు నడచి రావచ్చు. చంటిబిడ్డ అయితే క్షేమమైన చోట పడుకోబెట్టి, కనుచూపు మేరలోనే ఉండి ఊపిరి తీసుకోండి.

తిరిగి వచ్చిన తరువాత తప్పును ఒక్క వాక్యములో చెప్పండి. నిన్నటివి, మొన్నటివి కలపవద్దు. తల్లి పోలికను, తండ్రి వంశాన్ని, ఎదురింటి పిల్లవాని మార్కులను తేవద్దు.

అన్నము దగ్గర తీర్పులు వద్దు. మా ఇంటిలో ప్రోగ్రెస్ కార్డు వచ్చిన రోజున అందరము భోజనము చేసిన తరువాతనే దానిని తెరుస్తాము. కడుపు నిండిన తండ్రి, కడుపు నిండిన బిడ్డ నెమ్మదిగా మాట్లాడుకోగలరు.

తల్లులారా, "మీ నాన్నను రానీ, నీ పని చెబుతాను" అనవద్దు. రోజంతా ఆ బిడ్డ తండ్రి రాక కొరకు కాదు, పోలీసు రాక కొరకు ఎదురు చూసినట్లుంటుంది. తండ్రులారా, భార్య దిద్దుతున్నప్పుడు బిడ్డ ఎదుట ఆమెను తక్కువ చేయవద్దు. అభిప్రాయభేదము ఉంటే పిల్లలు నిద్రపోయాక మాట్లాడుకోండి.

మీ చెయ్యి గాని మాట గాని హద్దు దాటితే బిడ్డను పిలిచి క్షమించమని అడగండి. మీ గౌరవము తగ్గదు. క్షమాపణ ఎలా అడగాలో బిడ్డకు మరెక్కడ తెలుస్తుంది?

కోపము అదుపులోనికి రాకపోతే, నిద్ర పట్టకపోతే, నిష్కారణముగా ఏడుపు వస్తుంటే దానిని పాపమని దాచుకోవద్దు. వైద్య సహాయము తీసుకోవడము అవిశ్వాసము కాదు. ప్రభుత్వము 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలిమానస్‌కు 14416 నంబరులో ఫోను చేస్తే తెలుగులో ఉచితముగా మాట్లాడవచ్చు. బిడ్డ ఆపదలో ఉన్నట్లు మీకు తెలిస్తే 1098కి ఫోను చేయండి.

యాకోబు నడక

ఆదికాండము 33వ అధ్యాయములో ఏశావు తన తమ్ముడైన యాకోబును తనతో కూడ బయలుదేరి రమ్మన్నాడు. ఏశావుతో 400 మంది మగవారు. వారి నడక వేరు. యాకోబు మర్యాదగా కాదన్నాడు. పిల్లలు పసివారు, మంద పాలిచ్చే మంద, ఒక్క దినము వడిగా తోలితే మంద చచ్చిపోతుంది. నేను పిల్లల నడకకు తగినట్లు మెల్లగా వస్తాను, నీవు ముందు సాగుము అన్నాడు. జీవితమంతా ఇతరులకంటె ముందుండాలని మడమ పట్టుకుని పరుగెత్తిన యాకోబు, పిల్లల కొరకు వెనుకబడటానికి ఒప్పుకున్నాడు.

మన చుట్టును ఏశావు గుంపు వడిగా సాగిపోతున్నది. ఎదురింటి పిల్లవానికి ర్యాంకు వచ్చినది, అన్నగారి కూతురికి అమెరికాలో సీటు వచ్చినది. ఆ వడిలో మన బిడ్డను తోలవలెనని మన చెయ్యి లేస్తుంది. చెయ్యి లేచినప్పుడు ఆ చర్చి మెట్లను, భుజాన సంచితో కూర్చున్న పిల్లవానిని జ్ఞాపకము చేసుకోండి. మీ బిడ్డకు ఈ సాయంత్రము చెప్పవలసిన చెడువార్త ఏదైనా ఉన్నదేమో. దానిని మీ దగ్గరకే తెచ్చుకునే ధైర్యము ప్రభువు ఆ బిడ్డకును, ఆ ఐదు నిమిషాలు ఓర్చుకునే కృప మీకును అనుగ్రహించును గాక. ఆమేన్.